లాయరమ్మగారి ఫోనమ్మాయి

లాయరమ్మగారి ఆఫీసులో ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి మీటింగు జరుగుతుంది. నాలుగూ ఐదుకి కాదు, నాలుగింటికే. తెల్లబోర్డు మీద ఆ వారం తేల్చాల్సిన సంగతులు వరసగా రాసి ఉంటాయి. మినిట్స్ పుస్తకంలో పైన తేదీ, దానికింద "హాజరైనవారు: ఒకరు" అని ఉంటుంది. ఆ ఒక్కరూ ఆవిడే. పోయినవారం చేస్తానని చెప్పి చెయ్యని పనులేమిటో ఆవిడే అడుగుతుంది, ఆవిడే నీళ్ళు నములుతుంది, ఆవిడే మందలిస్తుంది, చివరికి ఆవిడే సంతకం పెట్టి మీటింగు ముగిస్తుంది. నవ్వకండి. లా చదివాక మళ్ళీ వెళ్ళి రెండేళ్ళు బిజినెస్ మేనేజ్‌మెంట్ చదివిన మనిషి ఆవిడ. చదివినదాన్ని ఎక్కడో అక్కడ వాడుకోవాలి కదా.

మొదట లా చదివి, ఒక పెద్ద లాయరుగారి దగ్గర రెండేళ్ళు ఫైళ్ళు మోసింది. అక్కడ ఏ ఫైలు ఎక్కడుందో ఆ ఫైలుకే తెలియాలి. పదింటికి రమ్మన్న మనిషి మధ్యాహ్నం మూడింటికి కూడా బల్లమీదే కునుకుతూ ఉంటాడు. "ఈ వృత్తిలో వాదించేవాళ్ళకి కొదవలేదు, సర్దేవాళ్ళే లేరు" అని కనిపెట్టి బిజినెస్ స్కూల్లో చేరింది. ఆ చదువుతో కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది. నాలుగేళ్ళు చేశాక, అక్కడ సర్దడం తప్ప పనే లేదని తేల్చుకుని, మానేసి, సొంతంగా ప్రాక్టీసు పెట్టింది.

"మొన్నటిదాకా రెండు పడవలమీద కాళ్ళు పెట్టావు. ఇప్పుడు రెండూ దిగి ఈదుతానంటున్నావు. ఈత వచ్చా నీకు?" అంది వాళ్ళమ్మ. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. కూతురి గొంతు ఎవరి పోలికో ఆ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది.

ఆఫీసంటే కళ్ళద్దాల షాపు మీద రెండు గదులు. ఎక్కడానికి ఇరవైరెండు మెట్లు, అవీ ఇరుకు. ముందుగదిలో బల్ల, టోకెన్లు, వచ్చినవాళ్ళు అభిప్రాయాలు రాసి వెయ్యడానికి ఒక డబ్బా. లోపలిగదిలో ఫైళ్ళ అలమర, ఫోను. మొదటి నెలలో ఆ ఆఫీసుకి క్లయింట్లు రాలేదు గాని, లాయరమ్మకి జలుబు వచ్చింది.

మామూలుగా ఆవిడది కంచు గొంతు. కోర్టులో లేచి నోరు తెరిస్తే వరండాలో టీ తాగేవాళ్ళు కప్పు కింద పెట్టి చూస్తారు. జలుబుతో ఆ గొంతు పూడుకుపోయి సన్నగా, మెత్తగా, నిదానంగా తయారైంది. అప్పుడు ఫోను మోగింది. "హలో" అంది. అవతల ఎవరో, "అమ్మాయీ, లాయరుగారున్నారా? ఒకసారి ఫోనివ్వమ్మా" అన్నాడు.

"నేనే లాయర్ని" అని ఉండాల్సింది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బిజినెస్ స్కూల్లో మార్కెటింగ్ మేష్టారు చెప్పిన మాట అడ్డొచ్చింది. కొనేవాడు ముందు గుమ్మం చూస్తాడు, తర్వాతే సరుకు చూస్తాడు అనేవాడాయన. ఇక్కడ గుమ్మంలో ఎవరూ లేరు. "ఒక్క నిమిషమండీ, మేడమ్ మీటింగులో ఉన్నారు, అడిగి చెబుతాను" అనేసింది. రిసీవరుకి చెయ్యి అడ్డంపెట్టి, గుక్కెడు వేడినీళ్ళు మింగి, రెండుసార్లు ఖంగుమని దగ్గి, రిసీవరు ఎడమచెవి నుంచి కుడిచెవికి మార్చి, ఉన్న గొంతంతా పెట్టి "ఆఁ, చెప్పండి!" అంది. ఆ మనిషి మర్నాడే వచ్చి కేసు అప్పగించి వెళ్ళాడు.

జలుబు వారంలో తగ్గింది. ఫోనమ్మాయి మాత్రం ఉండిపోయింది.

అబద్ధమే. నేను కాదనడం లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా? కానీ అబద్ధమాడినా అతికినట్టుండాలన్నది కూడా మనవాళ్ళే. లాయరమ్మ చాలా శ్రద్ధగా అతికించింది. ఎడమచెవి ఫోనమ్మాయిది, కుడిచెవి లాయరుది. పదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఫోన్లు, ఆ తర్వాతే మనుషులు. లోపలిగదిలో ఇంకో కుర్చీ వేసి, దాని వీపుకి నీలం శాలువా ఒకటి తగిలించింది. మూలన రెండో గొడుగు. ఎవరైనా "మీ ఫోనమ్మాయేదండీ?" అంటే, "ఇప్పుడే బ్యాంకుకెళ్ళింది" అనేది. మూడేళ్ళు గడిచాయి. ఆ పిల్ల బ్యాంకుకి వెళుతూనే ఉంది.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు వాళ్ళమ్మ. రెండోవాడు కింద షాపు కళ్ళద్దాలాయన. మూడేళ్ళలో ఆ మెట్లు దిగిన అమ్మాయి ఒక్కతీ లేదని ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?

అసలు చిక్కు అభిప్రాయాల డబ్బాతో వచ్చింది. నెలకోసారి డబ్బా తెరిచి లెక్కపెట్టడం ఆవిడ పద్ధతి. "ఫోనమ్మాయి ఎంతో ఓపిగ్గా చెబుతుంది" అని ఒక చీటీ. "ఫోనమ్మాయి మాట వింటే సగం బాధ తగ్గింది" అని ఒకటి. "లాయరమ్మ గట్టివారే గాని కసురుతారు, ఆ అమ్మాయిని చూసి నేర్చుకుంటే బాగుండు" అని ఇంకొకటి. ఆ శనివారం మీటింగులో లాయరమ్మ చాలాసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది. చివరికి మినిట్స్ పుస్తకంలో "హాజరైనవారు: ఇద్దరు" అని రాసి, "రిసెప్షన్ పనితీరు: చాలా బాగుంది. లాయరు పనితీరు: ఫరవాలేదు" అని ముగించింది. తన మీద తనకే కుళ్ళు పుట్టడం ఏమిటని వాళ్ళమ్మ రెండు రోజులు నవ్వింది.

అలాంటి ఆఫీసుకి ఒకనాడు తాళాల పెద్దాయన వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. మోకాలు నొప్పి, చేతిలో ఊతకర్ర. ఇరవైరెండు మెట్లూ గోడ పట్టుకుని ఎక్కి, రొప్పు తీరకుండానే, "మా తమ్ముడి మీద కేసు వెయ్యాలి. వాణ్ణి వదలకూడదు" అన్నాడు.

తమ్ముడికి అరవైరెండు. పెద్దాయన దృష్టిలో ఇంకా కుర్రాడు. తండ్రి పెట్టిన తాళాల షాపులో అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్ళు పక్కపక్కనే కూర్చుని తాళంచెవులు చేశారు. షాపు ముందు తండ్రి చేతులతో చెక్కిన కర్ర తాళంచెవి వేలాడేది, మనిషి పొడుగు. ఒకరోజు తమ్ముడు చేసిన తాళంచెవిని పెద్దాయన ఎత్తి చూసి, పదిమంది ముందు, "పళ్ళు ఇలా అరగదీస్తారురా? నలభై ఏళ్ళయినా నీకు చెయ్యి తిరగలేదు" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అన్న భోజనానికి వెళ్ళినప్పుడు తమ్ముడు ఆ కర్ర తాళంచెవి దింపి, భుజాన వేసుకుని వెళ్ళి, రెండు వీధుల అవతల సొంత షాపు తెరిచాడు. అప్పటినుంచి మాటల్లేవు.

"అది అడగకుండా తీసుకెళ్ళాడు. దాన్ని ఏమంటారు మీ చట్టంలో?" అన్నాడు పెద్దాయన.

"కేసు వెయ్యొచ్చు. కానీ ఒకసారి మీ తమ్ముడితో కూర్చుని మాట్లాడి చూడకూడదా?" అంది లాయరమ్మ.

"మీరు నా లాయరా, వాడి లాయరా?" అని కస్సుమన్నాడాయన. ఫైలు తెరుచుకుంది.

ఇక్కడిదాకా లోకంలో జరిగేదే. వారం తిరిగాక ఒకరోజు పదకొండింటికి ఫోను మోగింది.

"అమ్మాయీ, మీ మేడమ్ నోటీసు పంపించిందా?"

"పంపించారండీ బాబాయిగారూ" అంది ఎడమచెవి.

"అందిందా వాడికి?"

"నిన్ననే అందిందండీ."

పెద్దాయన నెమ్మదిగా, "ఎలా ఉన్నాడట? అదే, తీసుకున్నప్పుడు. వాడికి ఈమధ్య దగ్గు ఎక్కువైంది" అన్నాడు.

ఆ తర్వాత రోజూ పదకొండింటికి ఫోనే. మొదట రెండు ముక్కలు కేసు గురించి, తక్కినదంతా తమ్ముడి గురించి. చిన్నప్పుడు వాడు అలిగితే తాళాల పెట్టెలో దాక్కునేవాడని, షాపులో ఇప్పుడు పక్క స్టూలు ఖాళీగా ఉంటే చెయ్యి ఆడడం లేదని. ఫోనమ్మాయి "అవునాండీ" అనేది, "అయ్యో" అనేది. ఆఫీసుకొచ్చి లాయరమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం ఆయన ఇనపగుండే. లాయరు ముందు మెత్తబడితే కేసు మెత్తబడుతుందని ఆయన భయం. ఒకసారి చిన్న ఇత్తడి తాళం తెచ్చి, "ఇది మీ ఫోనమ్మాయి డ్రాయరుకి. నా చేత్తో చేశానని చెప్పండి" అని లాయరమ్మ చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆవిడకి ఒక్క నవ్వు కూడా ఇవ్వలేదు.

ఒకరోజు ఫోనులో గొంతు తగ్గించాడు. "తల్లీ, నీకో మాట చెబుతాను. మీ మేడమ్‌కి చెప్పకు. ఒట్టు?"

"ఒట్టండీ."

"ఈమధ్య నాకు తాళంచెవి పళ్ళు మసగ్గా కనిపిస్తున్నాయి. ఆ రోజు వాడు చేసిన దాంట్లో తప్పేమీ లేదు. సాయంత్రం దాన్ని తాళంలో పెట్టి చూశాను, గిర్రుమని తిరిగింది. నా కళ్ళు పాడై వాడి చేతిని అన్నాను. పదిమందిలో అన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

రిసీవరు పెట్టేశాక లాయరమ్మ ఆ శాలువా కుర్చీ వంక చూస్తూ కూర్చుండిపోయింది. ఆవిడకి తెలిసింది, కానీ తెలియకూడదు. చెప్పనని ఒట్టేసింది, ఎవరికి చెప్పనని? తనకే! మింగలేక కక్కలేక ఆ వారం మీటింగు రద్దు చేసుకుంది.

ఇదే రోజుల్లో ఇంకో ఫోను కూడా వస్తుండేది. ఎవరో పెద్దమనిషి. పేరు చెప్పడు. "అమ్మా, మీ ఆఫీసు మెట్లు నిటారుగా ఉన్నాయి. పట్టుకోవడానికి రెయిలింగు లేదు. వయసు మళ్ళినవాళ్ళు పడితే ఎవరు జవాబుదారీ?" అంటాడు.

"రాసుకున్నానండీ, మేడమ్‌కి చెబుతాను."

నాలుగు రోజులకి మళ్ళీ, "రెయిలింగు వేయించారా?"

ఒకే ఫిర్యాదు మూడుసార్లు వస్తే పని మొదలుపెట్టాలని బిజినెస్ స్కూల్లో చెప్పారు. మూడోసారి ఫోను రాగానే లాయరమ్మ మనిషిని పిలిపించి ఇరవైరెండు మెట్లకీ ఇనప రెయిలింగు వేయించింది. తర్వాత ఆ ఫోను రాలేదు. తాళాల పెద్దాయన ఇప్పుడు రెయిలింగు పట్టుకుని ఎక్కి, మునుపటికంటే తక్కువ రొప్పుతూ, "వాణ్ణి వదలకూడదు" అనేవాడు.

పద్నాలుగు నెలలకి కేసు ఒక మలుపుకి వచ్చింది. కోర్టు ఒక్క వారం టైమిచ్చింది. రాజీపడితే శుక్రవారంలోగా పడండి, లేకపోతే సోమవారం సాక్ష్యాలు మొదలు. సోమవారమంటే పెద్దాయన బోనెక్కి, నలుగురి ముందూ ప్రమాణం చేసి, నా తమ్ముడు దొంగతనం చేశాడని చెప్పాలి. చెబితే అది కాగితం మీదకి ఎక్కుతుంది. ఎక్కినమాట దిగదు. ఆ తర్వాత కర్ర తాళంచెవి ఎవరికి దక్కితే ఏమిటి, ఆ స్టూలు ఇక ఎప్పటికీ ఖాళీయే. ఈ ముక్క లాయరమ్మకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇద్దరినీ శుక్రవారం తన ఆఫీసులో కూర్చోబెట్టడానికి ఏర్పాటు చేసింది. తమ్ముడి తరఫు లాయరుకి అదేరోజు వేరే కోర్టులో పని. "రాజీ అయితే కాగితం పంపండి, చూస్తాను. కాకపోతే సోమవారం కలుద్దాం" అన్నాడాయన.

బుధవారం పదకొండింటికి ఫోను.

"తల్లీ, శుక్రవారం నువ్వు ఆఫీసులో ఉంటావా?"

"ఆ రోజు నాకు బ్యాంకు పని..."

"బ్యాంకూ లేదు, గింకూ లేదు. నువ్వుంటేనే వస్తాను. లేకపోతే రాను, సోమవారం బోనే ఎక్కుతాను."

"నేనెందుకండీ బాబాయిగారూ?"

"నా నోరు మంచిది కాదమ్మా. వాడి మొహం చూడగానే ఏదో ఒకటి అనేస్తాను. నువ్వు పక్కనుంటే ఒక్కసారి 'బాబాయిగారూ' అంటావు. ఆ మాట వింటే ఆగుతాను."

కోర్టులో ఎవరి ప్రశ్నకైనా జవాబు చెప్పే లాయరమ్మ, ఆ రోజు మెట్లు దిగి కళ్ళద్దాలాయన షాపులో కూలబడింది.

"దాందేముంది!" అన్నాడాయన. "మా చెల్లెలి కోడల్ని పంపిస్తాను. శాలువా కప్పుకుని ఆ కుర్చీలో కూర్చుంటుంది."

"గొంతు?"

"జలుబు చేసిందని చెప్పండి. జలుబుతో వచ్చిన పిల్ల జలుబుతోనే పోతుంది. అన్నట్టు, ఆ పెద్దాయన్ని ఒక్కసారి నా షాపులోకి రమ్మనండి. గుమ్మం అనుకుని రెండుసార్లు నా అద్దాల తలుపుకి తల కొట్టుకున్నాడు."

ఇంటికెళ్ళి ఈ ఉపాయం చెబితే వాళ్ళమ్మ చెయ్యి కడుక్కోకుండానే లేచింది. "బాగుంది! ఒక అబద్ధానికి కాళ్ళు లేవని దానికి ఇంకో అబద్ధాన్ని కర్రగా ఇస్తావా? ఆ పెద్దమనిషి పాపం కూతురితో చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడే నీతో. నీకు చదువు రెండింతలు ఉంది, సిగ్గు సగమైనా లేదు."

"చెప్పేస్తే ఆయన ఫైలు తీసుకుని వెళ్ళిపోతాడమ్మా. సోమవారం ఇంకో లాయరుని పెట్టుకుని మరీ బోనెక్కుతాడు."

వాళ్ళమ్మ మళ్ళీ కంచం ముందు కూర్చుంది. కోపం మాత్రం దిగలేదు.

శుక్రవారం వచ్చింది. కళ్ళద్దాలాయన చెల్లెలి కోడలు రాలేదు, లాయరమ్మే వద్దంది. పెద్దాయన రెయిలింగు పట్టుకుని ఎక్కి వచ్చాడు. తిన్నగా లోపలిగదిలోకి చూశాడు. శాలువా ఉంది, మనిషి లేదు.

"ఏదీ ఆ అమ్మాయి?"

"ఆ సంగతే మీకు చెప్పాలండీ. ముందు కూర్చోండి..."

చెప్పాలనే అనుకుంది, నన్ను నమ్మండి. కానీ నోరు తెరిచేలోపే చిన్నాయన మెట్లెక్కి వచ్చేశాడు. సన్నటి మనిషి, చేతిలో దగ్గుమందు సీసా. బల్లకి ఈ చివర అన్న, ఆ చివర తమ్ముడు. ఇద్దరూ లాయరమ్మనే చూస్తున్నారు గాని ఒకరినొకరు చూసుకోరు. ఒక తాను ముక్కలంటే అవే.

"మా అన్నయ్యకి చెప్పండి, అది మా నాన్న నా చేత కూడా చెక్కించాడని" అన్నాడు చిన్నాయన.

"వాడికి చెప్పండి, చెక్కించినంత మాత్రాన సొంతమైపోదని."

"పదిమందిలో నా పరువు తీసినందుకు ఏమంటారో అడగండి."

పెద్దాయన మొహం కందగడ్డయింది. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో లాయరమ్మ ఒక్కదానికే తెలుసు. తప్పు తనదేనని తెలిసినవాడి కోపం మామూలు కోపం కాదు. ఊతకర్ర నేలకేసి కొట్టి, లేచి నిలబడి, తమ్ముడి వైపు వేలు చూపించాడు.

"పరువు గురించి నువ్వు మాట్లాడకు! అడగకుండా పట్టుకుపోయినవాణ్ణి ఏమంటారో తెలుసా? నువ్వు ఒక దొం..."

"బాబాయిగారూ!"

మెత్తగా, నిదానంగా, సన్నటి గొంతు.

పెద్దాయన మాట గొంతులోనే ఆగిపోయింది. లోపలిగది వైపు చూశాడు. శాలువా వైపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. చివరికి, రెండు చేతులతో నోరు మూసుకుని ఎదురుగా నిలబడ్డ లాయరమ్మ దగ్గర ఆయన చూపు ఆగింది.

"ఎవరు మాట్లాడింది?"

"నేనేనండీ" అంది లాయరమ్మ సొంత గొంతుతో. కంచు ఎటుపోయిందో, అది కూడా సన్నగానే వచ్చింది. "ఫోనమ్మాయి లేదండీ. ఎప్పుడూ లేదు. అన్నీ నేనే."

"బ్యాంకు?"

"లేదండీ."

"వాళ్ళమ్మకి బాగోలేదని నాలుగురోజులు సెలవు పెట్టిందన్నారు?"

"మా అమ్మ నిక్షేపంలా ఉందండీ. అప్పుడు నేను వేరే ఊళ్ళో కేసుకి వెళ్ళాను."

"నా తాళం?"

లాయరమ్మ డ్రాయరు చూపించింది. ఇత్తడి తాళం దానికే వేలాడుతోంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో కోర్టు చివాట్లు తిన్నప్పుడు కూడా తిరగనివి ఆ తాళాన్ని చూస్తే తిరిగాయి.

పెద్దాయన ఇక ఫైలు ఇచ్చెయ్యమంటాడని లాయరమ్మ ఎదురుచూస్తోంది. ఈలోగా బల్ల ఆ చివరినుంచి చిన్నాయన లేచాడు.

"ఉండండి, ఉండండి. రెయిలింగు సంగతి అడిగితే 'రాసుకున్నానండీ, మేడమ్‌కి చెబుతాను' అన్నది కూడా మీరేనా?"

లాయరమ్మ ఉలిక్కిపడింది. "ఆ ఫోన్లు మీవా?"

"రెయిలింగు ఏమిటి?" అన్నాడు పెద్దాయన, తమ్ముడి మొహంలోకి చూసి.

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంట్రా? చెప్పు!"

పద్నాలుగు నెలల తర్వాత, తిట్టు కాకుండా, అన్న తమ్ముడితో అన్న మొదటి మాట అది. చిన్నాయన దగ్గుమందు సీసా ఈ చేతినుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నోటీసు మీద అడ్రసు చూసి వచ్చాను, లాయరు ఎలాంటివాళ్ళో చూద్దామని. కింద నిలబడి మెట్లు లెక్కపెట్టాను. ఇరవైరెండు. నీ మోకాలు సంగతి నాకు తెలీదా? కేసు వేస్తే వేశావు, పడితే ఎలా?"

పెద్దాయన మెల్లగా బల్లమీద కూర్చున్నాడు. చేతిలో ఊతకర్రనే చూసుకున్నాడు.

"నీ చెయ్యి బాగానే తిరిగిందిరా" అన్నాడు చివరికి. "నా కళ్ళే పోయాయి. పళ్ళు కనబడక నీమీద పడ్డాను. అదే సాయంత్రం తాళంలో పెట్టి చూశాను, తిరిగింది. చెప్పడానికి నోరు రాలేదు."

"మరి కేసు వెయ్యడానికి ఎలా వచ్చింది?"

"అది ఈవిడ వేసింది!" అన్నాడు పెద్దాయన, ఎక్కడలేని ఉత్సాహంతో లాయరమ్మ వైపు తిరిగి.

ఇంకేముంది. అన్నదమ్ములిద్దరూ ఏకమయ్యారు. "ఒకే గొంతుతో ఇద్దర్నీ ఆడించిందిరా!" అని ఒకరు, "నేను దండం కూడా పెట్టాను అన్నయ్యా ఫోనులో, తల్లీ అని!" అని ఇంకొకరు. "చదువుకున్నవాళ్ళు ఇలా చెయ్యొచ్చా?" అని ఒకరు అందుకుంటే, "ఆ శాలువా చూడు, ఆ శాలువా!" అని రెండోవాడు. నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నవాళ్ళు, ఒకరి మాట ఒకరు అందిస్తూ అరగంట కడిగేశారు. లాయరమ్మ తల వంచుకుని నిలబడి ప్రతి మాటా పడింది. అంత హాయిగా ఆవిడ ఎప్పుడూ తిట్లు తినలేదు.

రాజీ కాగితం రెండు లైన్లు. కర్ర తాళంచెవి పాత షాపుకి వస్తుంది, దాన్ని భుజాన మోసుకొచ్చినవాడు కూడా వస్తాడు. సంతకాలు పెట్టి ఇద్దరూ దిగారు. పెద్దాయన ఒకవైపు రెయిలింగు, రెండోవైపు తమ్ముడి భుజం పట్టుకుని దిగుతుంటే లాయరమ్మ పైనుంచి చూసింది. కింద కళ్ళద్దాలాయన అద్దాల తలుపు తెరిచి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మర్నాడు శనివారం. నాలుగింటికి మీటింగు. "హాజరైనవారు: ఒకరు." శాలువా మడత పెట్టి గొడుగుతో సహా ఇంటికి పట్టుకుపోయింది. ముందుగదిలో ఒక కాగితం అంటించింది: "ఈ ఆఫీసులో పనిచేసేది ఒక్కరే. ఫోనులో మాట్లాడేది కూడా ఆవిడే. ఇన్నాళ్ళూ దాచినందుకు క్షమించండి." ఎంతమంది ఫైళ్ళు తీసుకుపోతారో చూద్దామని కూర్చుంది. ఇద్దరు తీసుకుపోయారు. తక్కినవాళ్ళు చదివి, నవ్వుకుని, టోకెను తీసుకున్నారు.

పది రోజులయ్యాక, పదకొండింటికి ఫోను మోగింది. లాయరమ్మ కుడిచెవికే పెట్టుకుంది.

"హలో, నేనేనండీ, లాయర్ని."

"మీరు కాదు. ఆ అమ్మాయికివ్వండి" అన్నాడు తాళాల పెద్దాయన.

"అయ్యా, ఆ అమ్మాయి లేదని మీకు..."

"తెలుసులెండి. ఇవ్వండి."

లాయరమ్మ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గొంతు సవరించుకుని, రిసీవరు ఎడమచెవికి మార్చింది.

"చెప్పండి బాబాయిగారూ."

"ఆఁ, తల్లీ! బాగున్నావా? నాకు కొత్త కళ్ళద్దాలొచ్చాయి. అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇవాళ వాడు చేసిన తాళంచెవి చూశాను." గొంతు బాగా తగ్గింది. "నాకంటే బాగా చేస్తాడమ్మా. ఎప్పటినుంచి చేస్తున్నాడో ఏమో. వాడికి మాత్రం చెప్పకు. ఒట్టు?"

ఆయన వెనకనుంచి, పక్క స్టూలు మీదనుంచి కాబోలు, దగ్గు, దాని వెంటే ఒక మాట వినిపించాయి.

"వినబడింది అన్నయ్యా."